వస్తానన్నాడు అంటే విల్లా, వుడ్డా?

తెనాలి,
ఆదివారం.

చిరంజీవి చిన్నికి పెద్దమ్మ ఆశీర్వదించి రాయునది.

మొన్న ఫోనులో నువ్వు చెప్పిన సంగతి విన్నాక నాకు నిద్ర పట్టలేదు. రాత్రి డ్యూటీ దిగుతూ, పొద్దుటి నర్సుకి పేషెంట్లను అప్పజెబుతూ ‘డాక్టర్ సెడ్ హీ వుడ్ కమ్’ అన్నావట. నీ మనసులో ఉన్నది ‘వస్తే వస్తాడు, నమ్మకం లేదు’ అని. ఆ అమ్మాయికి వినపడింది ‘వస్తానని చెప్పాడు’ అని. ఆయన కోసం చూస్తూ ఇంకో డాక్టర్ని పిలవలేదు. పేషెంటుకి ఏమీ కాలేదు, అదృష్టం. కానీ నువ్వు ‘నాకు ఇంగ్లీషు రాదు పెద్దమ్మా’ అని ఏడ్చావు చూడు, అది నేను ఒప్పుకోను. ఓఈటీ ఇంగ్లీషు పరీక్ష గట్టెక్కి పరాయి దేశం వెళ్ళిన పిల్లవి. నీకు రానిది ఇంగ్లీషు కాదు, అందులో ఒక్క కిటుకు. అది చెప్పాల్సింది మాలాంటి పంతుళ్ళు.

నేను హైస్కూల్లో ఇంగ్లీషు చెప్పిన 31 ఏళ్ళూ డైరెక్ట్, ఇన్‌డైరెక్ట్ స్పీచ్‌ని లెక్కల్లాగే చేయించాను. విల్ ఉంటే వుడ్ చెయ్యి, కెన్ ఉంటే కుడ్ చెయ్యి, మే ఉంటే మైట్ చెయ్యి, మార్కులు వస్తాయి. ఎందుకు మార్చాలో ఒక్క క్లాసులోనూ చెప్పలేదు. ఇంకో పాఠంలో ‘ఇఫ్’ వాక్యాలు చెబుతూ, వుడ్ అంటే జరిగేది అనుమానమే అన్నాం. పిల్లల బుర్రలో ఆ రెండోదే నిలిచిపోయింది. నీ బుర్రలోనూ అదే ఉంది.

తెలుగులో మనకి ‘అని’ ఉంది. అవతలివాడు అన్న మాటని అది విప్పకుండా మూటగట్టి అందిస్తుంది. ‘నేను వస్తానని అన్నాడు’ అంటాం. అందులో నేను ఎవరు? చెబుతున్న నువ్వు కాదు, డాక్టరే. ఆయన ఏ కాలంలో మాట్లాడాడో అదే కాలం, ఏ మనిషిగా మాట్లాడాడో అదే మనిషి. చెప్పేవాళ్ళం మనం ఆ మాట మీద చెయ్యి వెయ్యం.

ఇంగ్లీషువాళ్ళు మూట విప్పుతారు. తాము నిలబడ్డ చోటునుంచి చూసి ఆ మాటని మళ్ళీ చెబుతారు. ఆయన ‘విల్’ అన్నది రాత్రి. ఆ రాత్రి గడిచిపోయింది. గడిచిన దానిలో కూర్చున్న ‘విల్’ కూడా ఒక మెట్టు వెనక్కి జరిగి ‘వుడ్’ అవుతుంది. డెన్మార్క్ పండితుడు ఒట్టో యెస్పర్సన్ 1924లో వచ్చిన పుస్తకంలో ఈ వెనక్కి జరగడం గురించే వివరంగా రాశాడు. అక్కడ వుడ్‌లో అనుమానం రవ్వంత కూడా లేదు. మన ‘వస్తానన్నాడు’కి సరిగ్గా సరిపోయేది ‘సెడ్ హీ వుడ్ కమ్’. అనుమానం చెప్పాలంటే ‘హీ సెడ్ హీ మైట్ కమ్’ అనాలి, అదీ ఆయనే అలా అంటే. అనుమానం ఆయనది కాక నీదైతే విడిగా ఇంకో వాక్యంలో చెప్పు.

మరి ‘హీ సెడ్ హీ విల్ కమ్’ తప్పా? కాదు. అది తప్పని క్లాసులో కొట్టేశాను, ఇప్పుడు కొట్టను. ఇంగ్లీషువాళ్ళూ అంటారు. అయితే అలా అన్నప్పుడు ఆ రాక ఇంకా ముందుంది, ఆ మాట ఇప్పటికీ చెల్లుతుంది అని చెప్పేవాళ్ళు కూడా ఒప్పుకుంటున్నట్టు. వుడ్ అంటే ఆయన అన్నదే చెబుతున్నావు, తర్వాత వచ్చాడో రాలేదో ఆ మాటలో లేదు. అందుకే అప్పజెప్పేటప్పుడు రెండు వాక్యాలు వాడు. నాలుగింటికి ఫోన్ చేశాను, ఎనిమిదిలోపు వస్తానన్నాడు, అది మొదటిది, అక్కడ వుడ్. ఇంకా రాలేదు, అది రెండోది. ఇంక ఎవరూ పొరబడరు.

ఇంకో వుడ్ ఉంది, అది నీ వార్డులో రోజూ వినపడుతుంది. ‘హీ వుడ్‌న్ట్ ఈట్.’ అంటే తినడేమో అని కాదు. పెట్టాం, తిననంటే తిననన్నాడు. పాత ఇంగ్లీషులో ‘విల్’ అంటే కోరుకోవడం, ఇష్టపడటం. ఆ పాత రక్తం ఇంకా అందులో పారుతోంది. ‘డిడ్‌న్ట్ ఈట్’ అని రాస్తే తినలేదని మాత్రమే. నిద్రపోయి ఉండొచ్చు, వాంతి వచ్చి ఉండొచ్చు. ‘వుడ్‌న్ట్’ అని రాస్తే మొండికేశాడని. ముసలివాళ్ళ విషయంలో ఈ తేడా డాక్టరుకి ఎంత అవసరమో నాకంటే నీకే తెలుసు.

కుడ్ దగ్గర మనవాళ్ళు అందరూ జారిపడతారు. ‘ఐ కుడ్ ఏబుల్ టు’ అనేది నేను దిద్దిన ప్రతి పేపర్‌లోనూ ఉండేది. దీనికి మందు మన తెలుగులోనే ఉంది. ‘ఆపరేషన్‌కి ముందు మెట్లు ఎక్కగలిగేవాడు’ అను. అది కుడ్. ‘నిన్న మెట్లు ఎక్కగలిగాడు’ అను. అది వాజ్ ఏబుల్ టు. గలిగేవాడు అంటే అప్పట్లో ఆ శక్తి ఉండేది. గలిగాడు అంటే చేసి చూపించాడు. నిన్నటి సంగతి చెబుతూ ‘హీ కుడ్ క్లైంబ్’ అని రాస్తే ఇంగ్లీషు చెవికి శక్తి ఉందనే తెలుస్తుంది, నిజంగా ఎక్కాడా లేదా అన్నది తేలదు. ఎక్కలేకపోతే మాత్రం ‘కుడ్‌న్ట్’ నిక్షేపంగా సరిపోతుంది. చూడటం, వినడం లాంటి మాటల దగ్గరా పేచీ లేదు. ఆయన గురక వినిపించింది అనడానికి ‘ఐ కుడ్ హియర్’ అంటే చాలు. ఇంతకీ కుడ్‌లో ఎల్ ఎందుకు రాస్తారో తెలుసా? పాత ఇంగ్లీషులో అక్కడ ఎల్ లేదు. వుడ్‌లో, షుడ్‌లో ఉందని దీనిలోనూ దూర్చారు. పలకని అక్షరాన్ని అయిదు వందల ఏళ్ళుగా మోస్తున్నారు.

మళ్ళీ ఆ వెనక్కి జరగడం సంగతికొస్తే, మస్ట్ మాత్రం కదలదు. డాక్టర్ నిన్న చెప్పినా ‘హీ సెడ్ ఐ మస్ట్’ అనే అంటారు, లేదా ‘హ్యాడ్ టు’కి మారతారు. అసలు మస్ట్ అన్నదే ఒకప్పటి భూతకాలం మాట. వెనక్కి జరగడానికి దానికి ఇంకో మెట్టు లేదు.

ఇది మాత్రం బాగా మనసులో పెట్టుకో. ‘డాక్టరుకి చెప్పాల్సి వచ్చింది’ అంటే చెప్పావు; అది హ్యాడ్ టు. ‘డాక్టరుకి చెప్పాల్సింది’ అంటే చెప్పలేదు. అది షుడ్ హ్యావ్. ‘చెప్పే ఉంటారు’ అంటే నువ్వు చూడలేదు, ఊహిస్తున్నావు. అది మస్ట్ హ్యావ్. హడావిడిలో ‘ఐ షుడ్ హ్యావ్ ఇన్‌ఫామ్డ్’ అని రికార్డులో రాశావంటే, చెప్పిన దాన్ని చెప్పలేదని నీ సంతకంతో నువ్వే ఒప్పుకున్నట్టు. తెలుగులో మూడు మాటలూ పక్కపక్కన పెట్టుకుని, తర్వాత రాయి. తెలుగులో ఆలోచించకు అని చెప్పేవాళ్ళ మాట వినకు. ఇక్కడ తెలుగే నీకు దారి చూపిస్తుంది.

మీ వార్డు సిస్టర్ ఒకావిడ ‘ఐ వాజ్ వండరింగ్ ఇఫ్ యు కుడ్’ అంటూ శనివారం షిఫ్ట్ అడిగిందని, ఎప్పటి సంగతో అర్థం కాలేదని అన్నావు కదా. అది జరిగిపోయిన సంగతి కాదు, ఇప్పుడే అడుగుతోంది. నువ్వు కాదనడానికి చోటు వదిలి, తన కోరికని తనే ఒక అడుగు వెనక్కి లాక్కుంటోంది. మనం ‘ఏం లేదమ్మా, శనివారం ఖాళీగా ఉంటావేమోనని...’ అని నసుగుతాం చూడు, అలాగే. అలా అడిగినవాళ్ళు, కాదని చెప్పినా ఏమీ అనుకోరు. ఒంట్లో ఓపిక లేనప్పుడు ఒప్పుకోకు.

నిన్న మీ అమ్మ వచ్చింది. సంక్రాంతికి నువ్వు వస్తానన్నావని చెప్పి వెళ్ళింది. మన ‘అని’ మూటలో నీ మాట ఉన్నదున్నట్టే ఉంది, వస్తానన్నావు. కానీ మీ అమ్మ ఇదే ఇంగ్లీషులో చెప్పాల్సి వస్తే విల్ అనేదా, వుడ్ అనేదా అని అప్పటినుంచీ ఆలోచిస్తున్నాను. సెలవు దొరికిందో లేదో ఈ వారంలో రాయి. విల్ అయితే అరిసెలకి బియ్యం నానబోస్తాను.

మీ పెద్దమ్మ