తాడు కొస

తెల్లారింది. కోడలు కొట్టం దగ్గరికి వెళ్ళింది. గుంజ దగ్గర గేదె లేదు. పలుపూ లేదు.

గేదె పక్కవాళ్ళ మిరపచేలో దొరికింది. చేను తొక్కేసింది. పక్కవాళ్ళు నాలుగు మాటలు అన్నారు.

"అత్తయ్యా, నేను ముడి గట్టిగానే వేశాను" అంది కోడలు, కళ్ళు తుడుచుకుంటూ.

అత్త పలుపు చేతిలోకి తీసుకుంది.

"తప్పు ముడిది కాదమ్మా. ఈ కొస చూడు. పురి విడిపోయి చీపురులా అయింది. ఇలాంటి కొసకి ముడి నిలవదు. జారిపోద్ది" అంది.

తాడులో మూడు పేటలు ఉంటాయి. జడలో మూడు పాయలు ఉన్నట్టే. జడ కొసకి రిబ్బను కట్టకపోతే జడ విడిపోతుంది. తాడూ అంతే.

కొబ్బరి తాడుకి, జనప తాడుకి కొస ఇలా కట్టాలి.

1. విడిపోయిన పీచు కోసెయ్యండి. పేటలను మళ్ళీ పురి పెట్టండి.

2. రెండు మూరల గట్టి పురికొస తీసుకోండి. దాని ఒక చివరను మడిచి తాడు మీద పొడుగ్గా పెట్టండి. మడత తాడు కొస వైపు ఉండాలి. పురికొస రెండు చివరలూ అవతలి వైపు ఉండాలి.

3. పొడుగు చివరతో మడత మీదుగా తాడు చుట్టూ చుట్టండి. చుడుతూ కొస వైపుకి రండి. చుట్లు బిగుతుగా, పక్కపక్కనే పడాలి. పది చుట్లు చాలు. మడత తల బయటికి కనపడాలి.

4. పొడుగు చివరను ఆ మడతలో దూర్చండి. పొట్టి చివరను లాగండి. మడత చుట్ల కిందికి పోతుంది. సగం దాకా పోగానే ఆపండి. మిగిలిన పురికొస కోసెయ్యండి.

నైలాను తాడు అయితే కొసను దీపం మంటకి చూపించండి. పేటలు కరిగి అతుక్కుంటాయి. చల్లారితే గట్టిపడతాయి.

జాగ్రత్త! కరిగిన నైలాను వేలికి అంటుకుంటే బాగా కాలుతుంది. చేత్తో నొక్కకండి. తడిపుల్లతో నొక్కండి. గడ్డివాముకి దూరంగా, ఆరుబయట చెయ్యండి. కొబ్బరి తాడుని, జనప తాడుని మంటకి చూపకండి. అవి కరగవు, కాలిపోతాయి.

తాడు నడుమ పేట తెగితే మాత్రం కొస కట్టి లాభం లేదు. ఆ తాడు మార్చాలి.

కోడలు పలుపు కొస కట్టింది. గేదెను గుంజకి కట్టింది. తర్వాత బావి చేంతాడు కూడా చూసింది. దాని కొసా విడిపోయే ఉంది!

ఆలోచించండి:
మీ ఇంట్లో ఎన్ని తాళ్ళు ఉన్నాయి? వాటి కొసలు ఎలా ఉన్నాయి?

రాయండి:
తాడు, కొస, పేట, పురికొస, చేంతాడు.