ఈల పట్టువాని తొలిపాఠములు

ఆట నేర్పువారు పాఠశాలలలో ఉన్నారు. ఆటలో తీర్పు చెప్పుట నేర్పువారు అరుదు. పోటీ వచ్చినప్పుడు ఏ ఉపాధ్యాయునికో, పై తరగతి విద్యార్థికో ఈల చేతికిచ్చి మైదానములోనికి పంపుట పరిపాటి. అతడు బాగుగా ఆడినవాడే కావచ్చును. కాని ఆడుట వేఱు, ఆటను చూచుట వేఱు. కోఠారి, బల్లార్పూరు ప్రాంతములలో ఇంట తెలుగు, బజారున మరాఠీ మాటలాడు పిల్లలు ఒకే జట్టులోను, ఎదురెదురు జట్లలోను ఆడవలసి వచ్చును. ఇట్టిచోట తీర్పరి తడబడినచో అది నియమము తెలియకపోవుటగా గాక పక్షపాతముగా కనబడును. "మనవాడు కాడు గనుకనే ఈల వేసినాడు" అను మాట ఒకసారి పిల్లల చెవిని పడెనా, దానిని మరపించుట కష్టము. కావున బాస్కెట్‌బాల్ రిఫరీ నేర్వవలసిన సంగతులను తల్లిదండ్రులు కూడ కొంత తెలిసికొనవలెను.

నియమగ్రంథమును మొదటి పుట నుండి వల్లించుట కంటె, ఆ నియమములు ఎందులకు పుట్టినవో తెలిసికొనుట సులువైన త్రోవ. 1891 డిసెంబరులో అమెరికాలోని స్ప్రింగ్‌ఫీల్డు పట్టణమున, వై.ఎం.సి.ఎ. శిక్షణ పాఠశాలలో జేమ్స్ నైస్మిత్ అను ఉపాధ్యాయుడు చలికాలమున ఇంటిలోపల ఆడదగిన ఆటను కల్పింపవలసి వచ్చెను. బంతిని చంకబెట్టుకొని పరుగెత్తు అమెరికా ఫుట్‌బాల్‌లో ఒకరినొకరు పడద్రోసికొనుట ఆయన ఎఱుగును. బంతితో పరుగెత్తుటయే లేనిచో పడద్రోయ నవసరమే లేదు గదా అని ఆలోచించి, పట్టినచోటి నుండియే బంతిని విసరవలెనని విధించెను. గోలును నేలపై గాక పది అడుగుల ఎత్తున బుట్టగా కట్టించెను. అందు బలముతో కొట్టుట పనికిరాదు, మెల్లగా గుఱిచూచి వేయవలెను. ఆయన వ్రాసిన నియమములు పదమూడే. నేటి నియమములలో పెక్కు ఈ రెండు ఆలోచనలకు కొమ్మలే. అదే సంస్థకు చెందిన హెచ్. సి. బక్ 1920లో మద్రాసున వ్యాయామ కళాశాలను స్థాపించెను. మన దేశమున ఈ ఆట వ్యాపించుటకు అది ఎంతో తోడ్పడినది.

మన పెద్దలు చెడుగుడు చూచి పెరిగినవారు. మరాఠీ పొరుగువారికి అది హుతుతూ. అందులో తాకుటయే ఆట, పట్టుటయే గెలుపు. ఆ కంటితో బాస్కెట్‌బాల్ చూచువారిలో కొందఱు "ఇంత మాత్రమునకు ఈల యేల?" అందురు. తాకరాదని విన్న మఱికొందఱు, ఎక్కడ మేను తగిలినను "ఫౌలు, ఫౌలు" అని కేకలు వేయుదురు. ఇద్దఱును పొరబడినవారే. ప్రతి ఆటగానికి తాను నిలిచిన చోటును, దానికి నేరుగా పైనున్న చోటును సొంతము. నియమములలో దీనిని సిలిండరు అందురు. నూతి ఒరను తలచుకొన్నచో చాలును. అడ్డగించువాడు ఎదుటివానికి అభిముఖముగా, రెండు పాదములు నేలనూని ముందుగా నిలిచి, చేతులు నిలువుగా ఎత్తి నేరుగా పైకెగిరెననుకొందము. అప్పుడు బంతివాడు వచ్చి గ్రుద్దుకొన్నచో అడ్డగించువానిది తప్పు కాదు. మోకాలో, మోచేయో ప్రక్కకు చాచి ఒర దాటెనా, తప్పు అతనిదే. ఎవడు క్రిందపడినాడని గాక, ఎవని చోటిలోనికి ఎవడు వచ్చినాడని రిఫరీ చూడవలెను. పడినవాని తల్లికి ఇది రుచింపదు; రుచింపవలెనని ఎవరును కోరరు.

గట్టు మీది నుండి తఱచుగా వినవచ్చు మఱియొక కేక "మూడడుగులు!" అనునది. పూర్వము ఆడిన తండ్రులు దీనిని మఱింత ధైర్యముగా అందురు. అయితే అంతర్జాతీయ సమాఖ్య 2017 అక్టోబరు నుండి ఈ నియమమును సవరించినది. పరుగులో నుండగా బంతిని అందుకొన్నవాడు, బంతి చేతికి చిక్కిన క్షణమున నేలపై నున్న పాదమును లెక్కింపక, ఆపైన రెండడుగులు వేయవచ్చును. లెక్క తప్పినది రిఫరీకి కాక గట్టు మీది పెద్దమనిషికే కావచ్చును.

ఇక కంఠస్థము చేయవలసిన అంకెలు కొన్ని కలవు. పది నిమిషముల భాగములు నాలుగు. ఐదు ఫౌళ్లు చేసినవాడు ఆట విడువవలెను. ఒక భాగములో జట్టు నాలుగు ఫౌళ్లు దాటిన పిమ్మట, బంతి తమ వశమున లేనప్పుడు చేయు ప్రతి ఫౌలునకు ఎదుటివారికి రెండు ఫ్రీ త్రోలు. మూడు, ఐదు, ఎనిమిది, ఇరువదినాలుగు సెకండ్ల నియమములు వారము దినములలో పట్టుపడును.

పట్టుపడనిది చూపు. నైస్మిత్ నియమములలో అంపైరు మనుష్యులను చూడవలెను, రిఫరీ బంతిని చూడవలెను. నేడు ఇద్దఱు తీర్పరులున్నచోట ఒకడు బుట్ట క్రింది గీతవద్ద, ఒకడు వెనుక నిలిచి, మైదానమును పంచుకొందురు. కొత్తవాని కన్నులు మాత్రము ఇరువురి పాలిని విడిచి బంతి వెంటనే పోవును. దీనికి మంచి సాధన యొకటి కలదు: ఈల లేకుండ గట్టున కూర్చుండి, ఒక భాగమంతయు బంతి లేని ఆటగాండ్రనే చూడవలెను. ఇది చెప్పినంత తేలిక కాదు.

తుదకు సంజ్ఞలు. పిడికిలి పైకెత్తిన ఫౌలు. వ్రేళ్లు చేర్చి అరచేయి ఎత్తిన ఇతర నియమభంగము. రెండు పిడికిళ్లను ఒకదాని చుట్టు నొకటి త్రిప్పిన ట్రావెలింగ్. రెండు చేతులు నడుమున ఆనించిన అక్రమముగా అడ్డగించుట. లెక్కలు వ్రాయువారికి మొదట ఆటగాని అంకెను, పిమ్మట తప్పును, ఆ పిమ్మట శిక్షను చూపవలెను. ఈ సంజ్ఞలలో తెలుగు లేదు, మరాఠీ లేదు. మన పిల్లవాడు ఈల పట్టినప్పుడు దీనిని మఱువరాదు. ఆట నడుచునంతసేపు ఒక జట్టుతో మాత్రము ఇంటి భాషలో ముచ్చటింపరాదు. ఆ ముచ్చట "దాహమగుచున్నదా?" అనునదే కావచ్చును, అర్థము కాని ఎదుటి పిల్లవాడు మఱేదో ఊహించును. తీర్పు తెలియనిచో అడుగుటకు కెప్టెనుకు అనుమతి కలదు. బంతి ఆగి గడియారము నిలిచియున్నప్పుడు మర్యాదగా అడుగవచ్చును. తల్లిదండ్రులకు ఆ అనుమతి లేదు.

నేర్వగోరు విద్యార్థికి చిన్నపిల్లల ఆట మంచి బడి. పన్నెండేండ్ల లోపువారికి బుట్ట 2.60 మీటర్ల ఎత్తున ఉండును, పెద్దలకు 3.05 మీటర్లు. ఆట నెమ్మదిగా నడుచును గనుక ఆలోచించుటకు వ్యవధి చిక్కును. అనుభవజ్ఞుడొకడు ప్రక్కన నడువవలెను. గీత కావలనున్న పెద్దలు మొదటి భాగమంతయు మాటలాడకుండుటకు ముందుగానే ఒప్పుకొనవలెను.