కువైట్ సంగతులతో 'రన్' క్రియ

ఇంగ్లిష్ పేపర్‌లో అభ్యర్థుల మార్కులు ఎక్కువగా పోయేది చిన్న క్రియల దగ్గరే. ఒక్క 'రన్'కే ఆక్స్‌ఫర్డ్ నిఘంటుకారులు 645 అర్థాలు లెక్కగట్టారు. వాటిని బట్టీ పట్టలేం. ఒక దేశం విశేషాలతో కలిపి చదివితే జీకే కూడా పట్టుబడుతుంది. కువైట్‌నే తీసుకుందాం.

బుర్గాన్ చమురు క్షేత్రాన్ని కువైట్ ఆయిల్ కంపెనీ 'రన్' చేస్తుంది, అంటే నిర్వహిస్తుంది. అక్కడ చమురు బయటపడింది 1938లో, ఎగుమతి మొదలైంది 1946లో. 2019లో ప్రారంభమైన షేక్ జాబర్ వంతెన సుబియా వైపు సుమారు 36 కిలోమీటర్లు 'రన్' అవుతుంది, అంటే సాగుతుంది.

చాలామంది తడబడేది 'రన్ ఫర్' దగ్గర. పదవి పేరుతో వస్తే దానర్థం ఎన్నికల్లో పోటీ చేయడం. కువైట్ మహిళలకు ఓటు హక్కు, పోటీ చేసే హక్కు 2005లో దక్కాయి. 2006లో బరిలో దిగినా ఒక్కరూ గెలవలేదు. 2009లో నలుగురు పార్లమెంటుకు ఎన్నికయ్యారు. ఈ మూడు సంవత్సరాలూ తప్పక గుర్తుంచుకోవాలి.

'రన్ డ్రై' అంటే ఎండిపోవడం. శాశ్వత నదులు లేని కువైట్ తాగునీటికి ప్రధానంగా సముద్రపు నీటి శుద్ధి మీదే ఆధారపడింది.

ప్రశ్నలో 'రన్' కనబడితే ముందుగా దాని పక్కనున్న పదం చూడండి.