తొట్టిలో దోమలు ఎందుకు పెరుగుతాయి?

ఏ జీవి సంఖ్యా హద్దు లేకుండా పెరగదు. నీరు, వేడి, ఆహారం, చోటు, దాన్ని తినే ప్రాణులు, ఇవన్నీ కలిసి దాన్ని పెంచుతాయి లేదా ఆపుతాయి. డెంగీ జ్వరాన్ని మోసుకొచ్చే ఈడిస్ దోమను గమనిస్తే ఇది తేలిగ్గా అర్థమవుతుంది.

ఆడ దోమ ఒక విడతలో సుమారు 100 గుడ్లు పెడుతుంది. అన్నీ బతికి, వాటిలో సగం ఆడవే అనుకుందాం. మనవరాళ్ళ తరానికే 2,500 ఆడ దోమలు, ఆపై తరానికి 1,25,000! అదృష్టవశాత్తు చాలా భాగం మధ్యలోనే చనిపోతాయి. ఎన్ని చనిపోతాయన్నది పరిసరాలను బట్టి ఉంటుంది.

28 నుండి 30 డిగ్రీల వేడిలో గుడ్డు పిల్లయి, పిల్ల దోమై ఎగరడానికి వారం పది రోజులు చాలు. చలికాలంలో ఇంకా ఎక్కువ రోజులు పడుతుంది. మే నెల ఎండకు, పొడి గాలికి పెద్ద దోమలు త్వరగా చనిపోతాయి. వానలు పడ్డాక గాలిలో తేమ పెరుగుతుంది, పాత టైర్లలో, కొబ్బరి చిప్పల్లో నీరు నిలుస్తుంది. అయితే వాన లేకపోయినా ఈ దోమకు లోటుండదు. కుళాయి రెండు మూడు రోజులకోసారి వచ్చే వీధుల్లో మనం డ్రమ్ముల్లో పట్టి ఉంచే నీళ్ళే దానికి చెరువు.

గుడ్లు నీటి అంచుకు కాస్త పైన, తొట్టి గోడకు అంటుకుని ఉంటాయి. ఎండిపోయినా నెలల తరబడి చావవు, మళ్ళీ తడి తగలగానే పిల్లలవుతాయి. కనుక నీళ్ళు పారబోస్తే సరిపోదు. లోపలి గోడలను పీచుతో గట్టిగా రుద్ది కడగాలి.

ఇంకో విచిత్రం చూడండి. చిన్న తొట్టిలో పిల్లలు కిక్కిరిసి ఉంటే తిండి చాలక కొన్ని చనిపోతాయి, మిగతావి బక్కచిక్కుతాయి. మీరు చెంబుతో సగం తోడి పారేస్తే మిగిలినవాటికి తిండి దండిగా దొరుకుతుంది! సగం పని చేస్తే ఫలితం సగం కూడా రాకపోవచ్చు. పొగ యంత్రమూ అంతే, అది ఎగిరే దోమలనే చంపుతుంది, గుడ్ల జోలికి పోదు.

శుక్రవారం 'డ్రై డే' పాటించమని ఆరోగ్య సిబ్బంది చెప్పేది ఇందుకే. వారానికోసారి ఖాళీ చేసి కడిగితే పిల్లలకు దోమలయ్యే గడువు దొరకదు. కూలరు అడుగు, ఫ్రిజ్ వెనుక పళ్ళెం, పూలకుండీ కింది మూకుడు మరచిపోకండి. ఖాళీ చేయలేని డ్రమ్ముకు సందు లేకుండా గుడ్డ కట్టండి.

వాడని బావిలో గంబూసియా చేపలు వేస్తే దోమపిల్లలను తింటాయి. వాగుల్లో, చెరువుల్లో మాత్రం వదలకండి. అవి అమెరికా చేపలు, మన నాటు చేపల పిల్లలనూ తినేస్తాయి.