మబ్బులో చెవి చెప్పే అబద్ధం

శాన్ రామన్ చుట్టుపక్కల ఉంటూ, వారాంతాల్లో విమానం నడపడం నేర్చుకుందామనుకునే మనవాళ్ళకి లివర్‌మోర్, కాంకర్డ్ విమానాశ్రయాలు రెండూ దగ్గరే. ప్రైవేట్ పైలట్ లైసెన్సుకి మామూలుగా కనీసం 40 గంటలు ఎగరాలి. అమెరికా పౌరులు కానివారు శిక్షణ మొదలుపెట్టే ముందు టి.ఎస్.ఏ. అనుమతి కూడా తీసుకోవాలి. ఆ లైసెన్సు వచ్చాక చదవదగ్గ "పై చదువు" ఒకటుంది. దాని పేరు ఇన్‌స్ట్రుమెంట్ రేటింగ్. అంటే బయటి దృశ్యంతో పని లేకుండా, పరికరాలను మాత్రమే చూస్తూ విమానం నడపడం అన్నమాట. అది ఎందుకు అవసరమో చూద్దాం.

మన లోపలి చెవిలో ద్రవం నిండిన మూడు అర్ధవృత్తాకార నాళాలున్నాయి. తల తిరిగినప్పుడు ద్రవం కాస్త వెనకబడుతుంది. ఆ తేడాని బట్టే "తిరుగుతున్నాను" అని మెదడు గ్రహిస్తుంది. కానీ విమానం ఒకే వేగంతో కొన్ని సెకన్లపాటు తిరుగుతూ ఉంటే ద్రవం కూడా ఆ వేగాన్ని అందుకుంటుంది. అప్పుడు తిన్నగా పోతున్నట్టే ఉంటుంది! విమానాన్ని నిజంగా తిన్నగా చేస్తే, రెండో వైపుకి ఒరిగినట్టు అనిపిస్తుంది. నేల కనిపిస్తుంటే కన్ను ఈ పొరపాటుని దిద్దుతుంది. మబ్బులో ఆ సాయం ఉండదు.

ఇక ప్రమాదం ఎలా జరుగుతుంది? రెక్క ఒరిగితే, విమానాన్ని పైకి మోసే బలంలో కొంత భాగం మలుపుకి ఖర్చవుతుంది. ముక్కు కిందికి దిగి, వేగం పెరుగుతుంది. పైలట్ రెక్కలు సమంగానే ఉన్నాయనుకుని ముక్కుని పైకి లాగుతాడు. దాంతో మలుపు ఇంకా బిగుసుకుంటుంది. ముందు ఇంజను శక్తి తగ్గించి, రెక్కలు సమం చేసి, ఆ తర్వాతే ముక్కు ఎత్తాలి.

1954లో ఇల్లినాయ్ విశ్వవిద్యాలయంలో పరికరాలతో ఎగిరిన అనుభవం లేని 20 మందిని పరీక్షించారు. బయట ఏమీ కనబడకుండా చేస్తే ఇరవై మందీ అదుపు తప్పారు. సగటున పట్టిన సమయం 178 సెకన్లు, అంటే మూడు నిమిషాలు కూడా కాదు. అయితే కొద్దిపాటి శిక్షణ తర్వాత దాదాపు అందరూ క్షేమంగా వెనక్కి తిరగగలిగారు. మనకి కావలసిన పాఠం ఇదే.

1999 జులై 16 రాత్రి జాన్ ఎఫ్. కెన్నెడీ జూనియర్ నడిపిన చిన్న విమానం అట్లాంటిక్‌లో కూలి, అందులో ఉన్న ముగ్గురూ చనిపోయారు. ఆయనకి ఇన్‌స్ట్రుమెంట్ రేటింగ్ లేదు. చీకట్లో, నీటి మీద దిగుతూ దిక్కు తెలియని స్థితిలో అదుపు తప్పాడని దర్యాప్తులో తేల్చారు. ఆ రాత్రి మబ్బు కూడా అవసరం లేకపోయింది; చీకటి, మసక చాలాయి.

మన ప్రాంతంలో వేసవి ఉదయాల్లో పసిఫిక్ నుంచి తక్కువ ఎత్తులో మబ్బు లోపలికి పాకుతుంది. లివర్‌మోర్ రన్‌వే సముద్రమట్టానికి 400 అడుగుల ఎత్తులో ఉంటే, దగ్గరలోనే మౌంట్ డయాబ్లో 3,849 అడుగులు. మబ్బులో దారి తప్పితే ఏమవుతుందో వేరే చెప్పక్కర్లేదు.

అనుకోకుండా మబ్బులోకి వెళ్తే చెయ్యాల్సింది:

1. చూపు యాటిట్యూడ్ ఇండికేటర్ మీద పెట్టి రెక్కలు సమం చెయ్యాలి.
2. ఎత్తు, వేగం, దిశ చూపే పరికరాలను వంతులవారీగా చూస్తూ ఉండాలి. ఒక్కదాన్నే పట్టుకుని కూర్చోకూడదు.
3. సెకనుకి 3 డిగ్రీల చొప్పున నెమ్మదిగా తిరగాలి. సరిగ్గా ఒక నిమిషంలో 180 డిగ్రీలు పూర్తయి, వచ్చిన దారినే బయటపడతాం.
4. కంట్రోలర్‌కి సంగతి చెప్పి సాయం అడగాలి. ఇందులో నామోషీ ఏమీ లేదు.

ప్రైవేట్ లైసెన్సు శిక్షణలో ఇలాంటి సాధన 3 గంటలే తప్పనిసరి. రేటింగ్‌కి 40 గంటలు కావాలి. ఆ తర్వాత కూడా ఆరు నెలల్లో ఆరు అప్రోచ్‌లైనా చెయ్యకపోతే మబ్బులోకి వెళ్ళే అర్హత ఉండదు. కార్డు జేబులో ఉన్నా, అభ్యాసం లేని విద్య మబ్బులో అక్కరకు రాదు.