రూట్ సర్వర్లకు పెద్ద దిక్కు ఎవరు?
మనం వెబ్‌సైట్ పేరు కొట్టినప్పుడు దాని చిరునామా ముందే తెలియకపోతే వెతుకులాట మొదలయ్యేది రూట్ సర్వర్ల దగ్గర. వీటికి ‘ఎ’ నుంచి ‘ఎం’ దాకా 13 గుర్తులు. నడిపే సంస్థలు 12. నాసా, మేరీలాండ్ విశ్వవిద్యాలయం అందులోవే. మరి అజమాయిషీ ఎవరిది? ఐకాన్ సంస్థలో ఆ నిర్వాహకుల ప్రతినిధులతో ఒక సలహా సంఘం, దానికి తోడుగా నిపుణుల బృందం ఉన్నాయి. సర్వర్ల పనితీరుకు కొలతలు సూచిస్తారు. ఆజ్ఞలు మాత్రం వెయ్యరు.

రైతుబిడ్డను గనుక చెరువు తూముతో పోల్చి చూస్తాను. నీళ్ళు వదిలేవాడు పని మానేస్తే ఊరు కూర్చుని ఇంకొకణ్ణి పెట్టుకుంటుంది. 2018 నాటికి ఇక్కడ నిర్వాహకుణ్ణి చేర్చడానికి, తొలగించడానికి కట్టుబాటే లేదు. ఆ ఏడు సలహా సంఘమే అలాంటి పద్ధతిని ప్రతిపాదించింది. తమ పీఠానికే పరీక్ష కోరుకోవడం, మిత్రులారా, అసలైన పెద్దరికం కాదూ!