ఔటర్ రింగు రోడ్డు – మనకు తెలియవలసిన సంగతి

మన సీతంపేట కొండల్లో బస్సు కనబడితే చెయ్యెత్తి ఆపుతాం, రోడ్డు ఎక్కడపడితే అక్కడ దాటుతాం. పనికోసం హైదరాబాదు వెళ్లేవారు ఔటర్ రింగు రోడ్డు దగ్గర ఈ అలవాటు మరచిపోవాలి.

విజయవాడ నుంచి ముంబయి పోయే లారీ నగరంలోకి రాకుండా పెద్ద అంబర్‌పేట వద్ద ఈ రోడ్డెక్కి పటాన్‌చెరు వైపు దిగిపోవచ్చు. గచ్చిబౌలి–శంషాబాద్ భాగం 2008లో తెరిచారు. 158 కిలోమీటర్ల వలయం 2018లో పూర్తయింది. ఎనిమిది వరుసలు, సిగ్నల్ ఒక్కటీ లేదు. గరిష్ఠ వేగం గంటకు 120 కిలోమీటర్లు. అంటే సెకనుకు 33 మీటర్లు! డ్రైవరు మనిషిని చూసి బ్రేకు వేసినా బండి ఆగదు. అందుకే నడిచేవారికీ, మోటారు సైకిళ్లకూ ప్రవేశం లేదు. ఇంత రోడ్డు వేసి సైకిలు కూడా పోనివ్వరా అని మేమూ మొదట అనుకున్నాం. మనం పోవలసింది పక్కనున్న సర్వీసు రోడ్డు మీద. అటువైపు వెళ్లాలంటే అండర్‌పాస్ గుండా.